యంత్రము మనది, తాళపుచెవి యెవరిది?

2025 అక్టోబరు 14వ తేదీన లోకమున నొక వింత జరిగినది. అంతకుముందు దినము వరకు చక్కగా పనిచేయుచుండిన కోట్లకొలది కంప్యూటర్లకు ఆనాడు ఒక్కమారుగా వార్ధక్యము ప్రాప్తించినది. వానిలో ఏ భాగమును విరుగలేదు. ఏ తీగయు తెగలేదు. మైక్రోసాఫ్టు కంపెనీవారు 2015లో విడుదల చేసిన విండోసు 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు అంతవరకు పంపుచుండిన రక్షణ సవరణలను ఆ దినముతో నిలిపివేసిరి. షరతులకు లోబడి నమోదు చేసికొన్న గృహస్థులకు మరియొక యేటి గడువు నొసగిరి గాని, గడువు గడువే కదా! దాని వెనుక వచ్చిన విండోసు 11 అన్ని యంత్రములను అంగీకరింపదు. టీపీఎం 2.0 అను రక్షణసాధనము ఉండవలయును. ప్రాసెసరు కంపెనీవారి జాబితాలో చేరియుండవలయును. 2018కి పూర్వము కొన్న యంత్రములలో పెక్కింటికి ఈ యర్హత లేదు.

ఈ పరిణామము ధనవంతుని బాధింపదు. అతడు మరియొక యంత్రమును కొనుక్కొనును. చందాలతో నడచు పఠనమందిరము, దాత లిచ్చిన నాలుగు కంప్యూటర్లతో పిల్లలకు పాఠములు చెప్పుచున్న పాఠశాల, లెక్కలు వ్రాసికొను చిల్లర వర్తకుడు ఏమి చేయవలయును? "పాతవి పారవేసి క్రొత్తవి కొనుడు" అని అంగడివాడు చెప్పును. అది యతని వృత్తి. రెండవ మార్గ మొకటి కలదనియు, అది ముప్పదియేండ్లకు పైగా తెరచియే యున్నదనియు చెప్పుట మా విధి.

కంప్యూటరును కొన్నవాడు దాని పెట్టెను, తెరను, మీటలను కొనుచున్నాడు. వాని నన్నిటిని నడిపించునది ఆపరేటింగ్ సిస్టము. ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడువవలయునో, ఏ దస్త్రము ఎక్కడ నిలువయుండవలయునో, ముద్రణయంత్రమునకు ఆజ్ఞ యెట్లు పోవలయునో నిర్ణయించునది అదియే. విండోసు విషయమున కొనుగోలుదారునకు లభించునది వాడుకొనుట కనుమతి మాత్రమే. దాని లోపలి రచనను చూచుటకు గాని, మార్చుటకు గాని, ప్రతిని తీసి పొరుగువాని కిచ్చుటకు గాని యతనికి హక్కు లేదు. ఇల్లు కొని తాళపుచెవిని అమ్మినవానియొద్దనే విడిచి వచ్చినట్లున్నది మన వ్యవహారము.

ఈ యేర్పాటునకు లోబడనివారు ఆదినుండియు కలరు. 1983లో రిచర్డు స్టాల్‌మన్ అను అమెరికా పండితుడు, అందరును స్వేచ్ఛగా వాడుకొనదగిన సంపూర్ణ వ్యవస్థను నిర్మింతునని ప్రకటించి గ్నూ అను కార్యము నారంభించెను. 1991లో ఫిన్లండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనసు టోర్వాల్డ్సు తాను వ్రాసిన కెర్నెలును, అనగా వ్యవస్థయొక్క మూలభాగమును, లోకమున కర్పించెను. ఈ రెండును కలసి నేడు లినక్సు అను పేర వ్యాపించినవి. 2017 నవంబరు నాటికే ప్రపంచమందలి అగ్రగణ్యములైన 500 సూపర్‌ కంప్యూటర్లన్నియు దీనిపై నడచుచుండెను. మన జేబులలోని ఆండ్రాయిడు ఫోనులకు మూలభాగ మిదియే. అట్టిదానిని మన బల్లపైనున్న కంప్యూటరున నడపుటకు మాత్రము జంకుచున్నాము!

లినక్సుతోడి అనుమతిపత్రము మనకు నాలుగు హక్కుల నిచ్చుచున్నది. ఏ పనికైనను వాడుకొనవచ్చును. లోపలి రచనను చదివి మార్చుకొనవచ్చును. ప్రతులు తీసి పంచవచ్చును. మార్చినదానిని సైతము పంచవచ్చును. మన గ్రంథాలయోద్యమము నెరిగినవారికి ఈ హక్కులు వింతగా తోపవు. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును స్థాపించినవారు పుస్తకము ఒకరి బీరువాలో బందీ కారాదని తలచిరి. కొన్న పుస్తకమును పదిమంది చదివినచో దాని విలువ తరుగదు, పెరుగును. ఆ ధర్మమునే యంత్రమునకు వర్తింపజేసిన లినక్సు అగును.

ఇది విదేశీయము గదా, దీనివలన మన స్వావలంబనమేమి యని కొంద రడుగవచ్చును. నిజమే, ఇది మన దేశమున పుట్టలేదు. కాని మే మడుగు ప్రశ్న పుట్టుకనుగూర్చినది కాదు. మన యనుమతి లేకుండ దీనిని మననుండి ఎవరైన లాగికొనగలరా యనునదియే మా ప్రశ్న. 2025 జులైలో గుజరాతునందలి వాడినారు చమురు శుద్ధి కర్మాగారమును నడపుచున్న నయారా ఎనర్జీ కంపెనీపై ఐరోపా సమాఖ్యవారు ఆంక్షలు విధించిరి. అందు రష్యా దేశపు రోస్‌నెఫ్టు సంస్థకు వాటా కలదు. వెనువెంటనే మైక్రోసాఫ్టువారు ఆ కంపెనీకి యీమెయిలు మొదలగు సేవలను నిలిపివేసిరి. నయారావారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన పిమ్మట కొలదిదినములలో నవి పునరుద్ధరింపబడినవి. ఇది అద్దె సేవల సంగతియే గాని ఆపరేటింగ్ సిస్టము సంగతి కాదని మే మెరుగుదుము. ఆ రాజకీయముల మంచిచెడ్డల జోలికిని మేము పోము. ఐరోపాలో వ్రాసిన యొక యుత్తరువు భారతదేశమందలి కార్యాలయపు బల్లపై పనిని నిలుపగలిగెననుటయే ఇక్కడ గ్రహింపదగినది.

ఇంత చెప్పి, ఇబ్బందులను దాచుట న్యాయము కాదు. లెక్కల ప్రోగ్రాములు పెక్కు విండోసుకొరకే వ్రాయబడినవి. కొన్ని ముద్రణయంత్రములును, డిజిటల్ సంతకపు సాధనములును లినక్సులో మొరాయింపవచ్చును. తెలుగువారి కింకొక ప్రత్యేక సంకటము కలదు. మన డీటీపీ కేంద్రములలో ఏండ్లతరబడి అను ఫాంట్లతో, పేజిమేకరులో పుస్తకములు కూర్చబడినవి. ఆ యక్షరములు యూనికోడు పద్ధతివి కావు. ఆ ఫాంటు లేని యంత్రమున ఆ దస్త్రమును తెరచినచో పద్యమైనను గద్యమైనను అర్థము లేని గుర్తులుగా కనబడును. మన భాషలోని రచనలను మనమే చదువుటకు ఒకానొక ప్రోగ్రాముపై నాధారపడియున్నాము! దీనికి పరిహారము విండోసును పట్టుకొని వ్రేలాడుట కాదు. క్రొత్త రచనలనెల్ల యూనికోడులో వ్రాయుటయు, పాతవానిని యూనికోడునకు మార్పించి ఒకటికి రెండుమార్లు అచ్చుతప్పులు సరిచూచుకొనుటయు పరిహారము. లినక్సునకు మారినను మారకున్నను ఈ పని చేయక తప్పదు.

జర్మనీలోని మ్యూనిక్ నగరము చెప్పు పాఠమును గూడ వినవలయును. ఆ నగరసభ 2003లో లినక్సునకు మారుటకు నిశ్చయించినది. పదియేండ్లలో సుమారు 15,000 యంత్రములను మార్చినది. 2017లో మరల విండోసునకు పోవుటకు తీర్మానించినది. కారణములపై నేటికిని వాదములు కలవు. ఉద్యోగుల మొరలు కొంత, రాజకీయములు కొంత యని చెప్పుదురు. తీర్మానమొక్కటియే చాలదని మే మందుండి గ్రహించుచున్నాము. వాడువారికి నేర్పవలయును, తోడుండవలయును, ఓపిక పట్టవలయును.

అట్లోపిక పట్టినవారు మన పొరుగుననే కలరు. కేరళ ప్రభుత్వము 2001లో పాఠశాలల కంప్యూటరు విద్యకొరకు ఐటీ ఎట్ స్కూల్ అను కార్యక్రమము నారంభించి, తరువాత దానిని లినక్సువైపు మరలించినది. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. మలయాళమున పాఠ్యపుస్తకములు వ్రాయించిరి. అక్కడి సర్కారు బడులలో లినక్సు నేడు వింతవస్తువు కాదు. మన కేంద్రప్రభుత్వ సంస్థయైన సీడాక్‌వారు 2007లో భారతీయ భాషల కనువుగా బాస్ అను లినక్సును విడుదల చేసిరి. హైదరాబాదున స్వేచ్ఛ సంస్థవారు విద్యార్థులను కూర్చుకొని లినక్సును తెలుగున మాటలాడించుటకు శ్రమించిరి. దారి వేసినవారు కలరు. నడచువారు తక్కువగుటయే మన లోపము.

నడచుటకు పెద్ద సాహసము అక్కరలేదు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవు నొకదానిని సంపాదించి, ఉబుంటు, మింట్, డెబియను మొదలగు లినక్సు రూపములలో నొకదానిని దానిపై నెక్కించి, యంత్రము తెరచునపుడు ఆ పెన్‌డ్రైవునుండి నడపవచ్చును. హార్డుడిస్కులోని విండోసును ముట్టకయే కొన్ని దినములు పరీక్షింపవచ్చును. తెలుగు కనబడుచున్నదా, ముద్రణయంత్రము కదలుచున్నదా, వైఫై అందుచున్నదా చూచుకొనవలయును. తృప్తి కలిగిన పిమ్మట రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి, యంత్రము తెరచునపుడెల్ల కావలసినదానిని ఎన్నుకొనవచ్చును. అంతకు ముందు రెండు జాగ్రత్తలు మరువరాదు. దస్త్రములన్నిటికిని వేరొక డిస్కులో ప్రతి తీసికొనవలయును. విండోసు డిస్కునకు బిట్‌లాకరు తాళము వేసియున్నచో దాని పునరుద్ధరణ సంఖ్యను కాగితముపై వ్రాసియుంచుకొనవలయును. ఈ రెండును చేయక తొందరపడి, ఉన్న లెక్కలు పోగొట్టుకొని, పిదప లినక్సును తిట్టువారికి మేము వకాల్తా పుచ్చుకొనజాలము.

ప్రతి పఠనమందిర కార్యదర్శికిని మే మొక విన్నపము చేయుచున్నాము. "పనికిరాదు" అని మూలకు నెట్టిన కంప్యూటరు నొకదానిని బయటకు తీయుడు. సమీపమందలి ఇంజనీరింగు కళాశాలనుండి ఇరువురు విద్యార్థులను పిలువుడు. ఒక ఆదివారము దానియందు లినక్సును నెక్కించి, తెలుగు పత్రిక చదువుటకును తెలుగున ఉత్తరము వ్రాయుటకును వచ్చినవారికెల్ల నేర్పుడు. విండోసును బహిష్కరింపుమని మే మనుట లేదు. దానితో అవసర మున్నవారు దానిని వాడుకొనవచ్చును. కాని విడువగల శక్తి యున్నవాడు ఉంచుకొన్నచో అది యిష్టమగును. ఆ శక్తి లేనివాడు ఉంచుకొన్నచో అది బానిసత్వమగును. ఎక్కడనో ఎవరో ఒక తేదీ నిర్ణయించినచో మన గదిలోని యంత్రము ముసలిది కావలసినదేనా? కాదని చెప్పుటకు ఒక్క పెన్‌డ్రైవును, ఒక్క ఆదివారమును చాలును.