ఒరగని కారు క్షేమమైన కారేనా?

పెన్‌పహాడ్ నుండి సూర్యాపేటకు పోయే ఏ బండిలోనైనా మలుపు వచ్చినప్పుడు లోపలివారిని గమనించండి. బండి ఒక ప్రక్కకు ఒరుగుతుండగా కొందరు భగవంతుని, కొందరు అల్లాను తలచుకొంటారు. ఒరుగుట చూచి భయపడడం మానవ సహజం. ఆ భయాన్ని ఆధారం చేసుకొని కొందరు యువకులు పాత కారు కొని, దానికి లావైన యాంటీ రోల్ బార్ బిగించి, ఇక ఎంత వేగంగా తిప్పినా ముప్పు లేదని నమ్ముతున్నారు. ఈ నమ్మకం పొరపాటని నా అభిప్రాయం.

మన మెకానిక్కులు స్టెబిలైజర్ అని పిలిచే ఈ బార్‌కు కెనడా దేశస్థుడు స్టీఫెన్ కోల్‌మన్ 1919లోనే పేటెంటు పొందాడు. ఇది స్ప్రింగు ఉక్కుతో చేసిన వంపు కడ్డీ. దీని నడుమ భాగాన్ని రబ్బరు బుష్‌లతో బండి అడుగున పట్టి ఉంచుతారు. రెండు కొసలు ఎడమ, కుడి చక్రాల అమరికలకు తగిలి ఉంటాయి. చక్రాలు రెండూ ఒకేసారి లేచినచో కడ్డీ ఊరక తిరుగుతుంది. ఒకటి లేచి మరొకటి దిగినప్పుడే అది మెలిపడి ఎదురు నిలుస్తుంది. కనుక బరువు మోయడం దాని పని కాదు. జాన్‌పహాడ్ ఉర్సుకు పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకొని పోయే బండికి కావలసినది లావు కడ్డీ కాదు, ఇంకొక బండి.

అసలు విషయం వేరొకటి ఉన్నది. మలుపులో లోపలి చక్రాల నుండి బయటి చక్రాలకు మారే మొత్తం భారాన్ని ఈ కడ్డీ తగ్గించజాలదు. ఆ భారం బండి వేగాన్ని, మలుపు వంపును, గరిమనాభి ఎత్తును, చక్రాల నడుమ వెడల్పును బట్టి ఉంటుంది. కావడిని భుజం మీద ఎటు జరిపినా మోసే బరువు తగ్గదు గదా! ముందు చక్రాల జంటకు ఎంత, వెనుక జంటకు ఎంత అని పంచడమే కడ్డీ చేయగలిగినది. టైరు మీద భారం రెట్టింపైనంత మాత్రాన దాని పట్టు రెట్టింపు కాదు. అందువలన ఏ వైపు కడ్డీ గట్టిదైతే ఆ వైపు పట్టు తగ్గుతుంది. ముందు లావైనచో కారు మలుపు బయటికి జారుతుంది. సాధారణంగా కాలు తగ్గిస్తే దారికి వస్తుంది. వెనుక లావైనచో తోక విసురుకొంటుంది. తొలకరి వాన తడిపిన తారు మీద దానిని నిలువరించడం అనుభవజ్ఞులకే కష్టం.

మరి ఎంత లావు ఎంచుకోవాలి? భౌతికశాస్త్ర విద్యార్థులు విమోటన లోలకంతో తీగ దృఢతా గుణకం కనుగొనేటప్పుడు వ్యాసార్ధం నాల్గవ ఘాతాన్ని వాడుతారు. ఇక్కడ వర్తించేదీ అదే సూత్రం. పొడవు, వంపు మారకుండా 20 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 22 వేసినచో బిగువు సుమారు 46 శాతం పెరుగుతుంది. 24 వేసినచో రెట్టింపు దాటుతుంది. కంటికి ఆనని తేడా ఇది! కాబట్టి ముందు టైర్ల గాలి, అరిగిన బుష్‌లు, లింకులు సరిచూచుకోవాలి. పలుమారు లోపం అక్కడనే తీరిపోతుంది. అప్పటికీ చాలనిచో ఒక్క మెట్టు మాత్రమే, ఒక్క వైపు మాత్రమే మార్చి, నెమ్మదిగా నడిపి చూడవలెను. పేరులో పహాడ్ వినిపించినా మనవి కొండదారులు కావు, గుంతల దారులు. కడ్డీ మరీ గట్టిదైతే ఒక చక్రం గుంతలో పడిన కుదుపు రెండవ చక్రానికీ పాకుతుంది.

బిగించేటప్పుడు జాక్ మీద చక్రాలు వ్రేలాడుతుండగా నట్లు చివరిదాకా బిగించరాదు. బండి నాలుగు చక్రాల మీద సమంగా నిలిచినప్పుడే బిగించాలి. లేనిచో బుష్‌లు మెలిపడి త్వరగా చిరుగుతాయి. స్టీరింగును రెండు వైపులా పూర్తిగా త్రిప్పి, బ్రేకు గొట్టానికి కడ్డీ తగలడం లేదని చూచుకోవాలి. రబ్బరు బుష్‌లకు మామూలు గ్రీజు పూయరాదు, రబ్బరు ఉబ్బిపోతుంది.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. పాత ఇనుము దుకాణంలో ఇటువంటి కడ్డీలు రెండు, వేర్వేరు లావులవి, కొని ప్రయోగశాలలో విమోటన లోలకం ప్రక్కన ఉంచండి. విద్యార్థులు స్క్రూగేజితో కొలిచి, బరువులు వ్రేలాడదీసి, ఏది ఎంత మెలిపడునో స్వయంగా లెక్క వేస్తారు.