పిలవని పేరంటానికి వచ్చిన మొక్కలు

కనకాంబరాల మడి చుట్టూ ఇటుకలు పేర్చి, అంచున నాలుగు బంతి మొక్కలు పెట్టారు. అక్టోబరు వానలు పడ్డాయి. పది రోజులు తిరిగేసరికి బంతికన్నా ముందు వేరే ఏవో పచ్చగా తలెత్తాయి. ‘ఏదో మొక్కలే, ఉండనీ’ అని వదిలేశారా... నాలుగేళ్లకు ప్రహరీ గోడ నెర్రెలిస్తుంది. లేదంటే ఆడుకునే పిల్లాడి పాదంలో ముల్లు దిగుతుంది.

తడ చుట్టుపక్కల (2022 నుంచి ఇది తిరుపతి జిల్లా) ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పడేదే. నేలలో దాగిన గింజలన్నీ ఆ అదను కోసమే కాచుక్కూచుంటాయి. నేల మెత్తగా ఉంటుంది కాబట్టి మనకూ అదే అదను.

అన్నిటికన్నా మొండిది సర్కారు తుమ్మ. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. మన దేశంలో మొదట నాటింది 1877 ప్రాంతంలో, అదీ మన కడప జిల్లా కమలాపురం దగ్గరే! వంటచెరకు కోసమని తెచ్చిన చెట్టు చెరువుల్నీ బీళ్లనూ ఆక్రమించింది. సరిహద్దు అవతల తమిళనాడులో దీన్ని సీమ కరువేలం అంటారు. కొట్టించమంటూ మద్రాసు హైకోర్టు దాకా వ్యాజ్యాలు నడిచాయి.

ఇంతకీ మీ పూలమడిలోకి ఎలా వచ్చింది? దీని కాయలు తియ్యగా ఉంటాయి. మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి. పెంకు గట్టిది కావడంతో గింజ అరక్కుండా పేడలో, పెంటికల్లో బయటపడుతుంది. పచ్చి ఎరువు బస్తా తెచ్చి చల్లారంటే తుమ్మ విత్తనాలు మీ చేత్తో మీరే చల్లినట్టు. బాగా మాగిన ఎరువే వాడండి.

చింత, సుబాబుల్, సర్కారు తుమ్మ మొలకలు తొలి రోజుల్లో అన్నదమ్ముల్లా ఉంటాయి. నాలుగైదు ఆకులు వచ్చాక చూడండి. చింతకు ఒకే ఈనెకు అటూ ఇటూ చిట్టి ఆకులు. మిగతా రెండింటికీ ఈనె మళ్లీ పాయలుగా చీలుతుంది. కణుపుల దగ్గర ముళ్లుంటే తుమ్మ, లేకపోతే సుబాబుల్.

తుమ్మను జానెడు ఎత్తు లోపే వేరుతో సహా పీకాలి. కొడవలితో కోస్తే ఒకటికి నాలుగు పిలకలు వేస్తుంది. మొగ్గలు వేరు మొదట్లో, మట్టి కింద ఉంటాయి మరి. కాస్త ముదిరితే గడ్డపార పట్టాల్సిందే. కొందరు మొదట్లో ఉప్పు పోస్తారు. సముద్రం పక్కనున్న నేలకు ఉప్పు అరువు తేవాలా చెప్పండి! తుమ్మ సంగతేమో గానీ కనకాంబరం మాత్రం పోతుంది.

గోడ పగుళ్లలో మొలిచే రావి, మర్రి సంగతి వేరు. పిట్టల రెట్టల్లో వస్తాయివి. ఆకు తుంచితే పాలు కారతాయి. రావి ఆకు కొస సన్నగా తోకలా సాగి ఉంటుంది. ‘రావిని పీకకూడదు’ అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడటమూ మామూలే. వాళ్ల మాట కొట్టేయనక్కర్లేదు. నీళ్లు పోసి, పగులు నాననిచ్చి, వేరు తెగకుండా లాగి, చెరువుగట్టునో గుడి ఖాళీ జాగాలోనో నాటితే సరి. తర్వాత పగులును సిమెంటుతో పూడ్చండి. రెండేళ్లు ఆగితే మొక్కను కాదు, గోడనే విప్పాల్సి వస్తుంది.

వేప మొలకను రంపపు పళ్ల అంచున్న ఆకు పట్టిస్తుంది. అనుమానమైతే నాలుక మీద పెట్టుకోండి. చిన్నప్పుడే మట్టిగడ్డతో తీసి ఎవరికైనా ఇవ్వొచ్చు. పునాదికి రెండు అడుగుల్లో మాత్రం ఉంచకండి.

అసలు మోసం చేసేవి ఈత, తాటి. తొలి ఆకు పట్టీలా ఉండి ముదురు గడ్డిపోచ అనిపిస్తుంది. లాగితే ఆకు తెగి చేతికొస్తుంది, మొవ్వు మట్టిలోనే ఉండిపోతుంది. ఈతను లోతుగా తవ్వి తీయండి. తాటి టెంక పడినచోట మాత్రం ఆకు విచ్చకముందే తవ్వితే తేగ దక్కుతుంది. ఆలస్యమైతే పీచే.