గ్యాస్ ఫీజు మొత్తం వాపస్ ఇస్తారా? వద్దు, కొంచెం తక్కువే ఇవ్వండి

"గ్యాస్ ఫీజు నేను చూసుకుంటా, మీరు ఓటేస్తే చాలు." మా ఫ్రెండ్స్ గ్రూప్ కోసం రాసిన చిన్న ఓటింగ్ కాంట్రాక్ట్ గురించి నేను గొప్పగా చెప్పుకున్న మాట ఇది. కార్వేటినగరంలో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూ, రెండు వీకెండ్లు కూర్చుని రాశాను. ఒక సాయంత్రం టెస్ట్‌నెట్‌లో పెట్టి లింక్ పంపాను. పుత్తూరులో ఉండే ఫ్రెండ్ ఆ రాత్రి భోజనాల లోపే ఫండ్ ఖాళీ చేసి స్క్రీన్‌షాట్ పెట్టాడు. టెస్ట్‌నెట్ కాబట్టి నవ్వుకున్నాం. నిజం ఈథర్ అయ్యుంటే?

ఐడియాలో తప్పు లేదు. ఓటేయడానికి కూడా జేబులోంచి డబ్బు పెట్టాలంటే చాలామంది వేయరు. అందుకే కాంట్రాక్ట్ పని మొదలయ్యేటప్పుడు గ్యాస్ ఎంత ఉందో, చివర్లో ఎంత మిగిలిందో చూసి, తేడాను గ్యాస్ ధరతో గుణించి వాపస్ పంపుతుంది. ఈథీరియంలో ప్రతి ట్రాన్సాక్షన్‌కీ కనీసం 21,000 గ్యాస్ పడుతుంది. అది ఈ లెక్కలో కనపడదు కాబట్టి పైన కలపాలి.

దెబ్బ ఎక్కడ పడింది?

సభ్యుడేనా, ఇదివరకే ఓటేశాడా అనే చెక్‌లు "తర్వాత పెడదాంలే" అని వదిలేశా. మావాడు ఇంకో కాంట్రాక్ట్ రాసి, ఒకే ట్రాన్సాక్షన్‌లో నా ఫంక్షన్‌ను 20 సార్లు పిలిచాడు. వాడికి ఆ 21,000 పడింది ఒక్కసారే, నేను ఇచ్చింది 20 సార్లు. పైగా గ్యాస్ ధర కూడా వాడే పెంచుకున్నాడు. ధర పెరిగే కొద్దీ వాడి మిగులూ పెరిగింది.

మా వైపు మామిడి సీజన్ భాషలో చెప్పాలంటే, ఫ్యాక్టరీ వాళ్లు "లారీ బాడుగ ఎంతైనా ఇస్తాం" అని, బిల్లు రాసే పుస్తకం కూడా డ్రైవర్‌కే ఇచ్చినట్టు. చిత్తూరు పోవాల్సిన లోడు తిరుపతి అంతా తిరిగి వస్తుంది మరి!

ఇంకో రెండు కంతలు ఉన్నాయి. ఒకటి, టిప్. అది వ్యాలిడేటర్‌కి పోతుంది. వ్యాలిడేటరే ఓటేసి భారీ టిప్ పెట్టుకుంటే, టిప్ వాడి దగ్గరికే వస్తుంది, రీఫండ్ మాత్రం మీ ఫండ్ నుంచి పోతుంది. రెండోది, స్టోరేజ్ ఖాళీ చేస్తే నెట్‌వర్క్ ఇచ్చే తగ్గింపు. అది ట్రాన్సాక్షన్ అయ్యాకే లెక్కకొస్తుంది, మీ కాంట్రాక్ట్‌కి కనపడదు. అంటే యూజర్‌కి పడనిదానికి కూడా మీరు ఇస్తారు.

ఆ తగ్గింపు విషయంలో ఈథీరియమే పాఠం నేర్చుకుంది. గ్యాస్ చౌకగా ఉన్నప్పుడు స్టోరేజ్‌లో చెత్త నింపి, ఖరీదైనప్పుడు తుడిచి లాభపడటానికి గ్యాస్‌టోకెన్ పుట్టింది. 2021 ఆగస్టు లండన్ అప్‌గ్రేడ్‌లో తగ్గింపు పరిమితిని సగం నుంచి ఐదో వంతుకు కోసేశారు.

నౌన్స్ డావో ఏం చేసింది?

వాళ్ల రీఫండ్ ఓటు కోడ్ ఒకసారి చదవండి. బేస్ ఫీ 200 గ్వెయ్, టిప్ 2 గ్వెయ్, వాడిన గ్యాస్ 2,00,000. వీటిని దాటి పైసా ఇవ్వదు. ఫండ్‌లో ఉన్నంతే ఇస్తుంది. ఫండ్ ఖాళీ అయినా ఓటు మాత్రం పడుతుంది. ఇది నాకు బాగా నచ్చింది. రీఫండ్ ఆగితే ఓటు ఆగకూడదు.

"గ్యాస్ మండిపోయే రోజు యూజర్‌కి లాస్ కదా?" అంటారు. అవును, కొంచెం లాసే. కానీ ఆ రోజు కొందరికి తగ్గే కొద్ది డబ్బు కంటే, అందరి ఫండ్ ఒక్క రాత్రిలో పోవడం పెద్ద నష్టం. సంతకం పెట్టే ముందే "ఇంతవరకే వాపస్ వస్తుంది" అని స్క్రీన్ మీద చూపిస్తే సరిపోతుంది.

నేను మళ్లీ రాశాను. సభ్యుడికి ఒక్క ఓటు, ఓటుకు ఒక్క రీఫండ్. ధరకూ గ్యాస్‌కూ రెండింటికీ పరిమితి. ఓటు నమోదయ్యాకే డబ్బు పంపడం, అదీ ఖర్చు కన్నా కాస్త తక్కువే. యూజర్ జేబులోంచి రూపాయైనా పోతుంటే, ఊరికే తిప్పి తిప్పి పిలిచేవాడికి లాభం ఉండదు. కొత్త లింక్ మావాడికే ముందు పంపాను. రెండు రోజులు కుస్తీ పట్టి, చివరికి మామూలుగా ఓటేసి ఊరుకున్నాడు.