నాణెముపై నేమి ముద్రింపవలెను?

దేశపు నాణెము ధనికుని పెట్టెయందును బిచ్చగాని చేతియందును నొక్కరీతిగానే యుండును. కావున దాని రూపమును నిర్ణయించు సంఘమున సభ్యుఁ డగుట చిన్న బాధ్యత గాదు.

1926వ సంవత్సరమున ఐరిషు స్వేచ్ఛారాజ్యము అట్టి సంఘమును నియమించి, మహాకవి యేట్సును దాని కధ్యక్షునిగాఁ జేసెను. ఆ సంఘమువారు రాజులను, పరిశుద్ధులను గాక తమ దేశపు పొలములలోను నదులలోను దిరుగు ప్రాణులనే యెన్నుకొనిరి. 1928లో వెలువడిన నాణెములపై నొకవైపున హార్పు వాద్యమును, రెండవవైపున గుఱ్ఱము, సాల్మను చేప, వేఁటకుక్క, కుందేలు, పంది మున్నగునవియు నుండెను. దైవచిహ్న మొక్కటియు లేదని కొందఱు భక్తులు నిందించిరి.

ఆ నింద తగదని నా యభిప్రాయము. పేదవాని చేతిలోని పెన్నీపై కోడి తన పిల్లలతో నుండెను. యెరూషలేమునుగూర్చి దుఃఖించునపుడు మన ప్రభువు తన ప్రేమను దేనితోఁ బోల్చెను? కోడితోనే గదా! సిలువ ముద్రించిన నాణెముతోనైనను లంచ మీయవచ్చును. భక్తి నాణెముపైఁ గాదు, దానిని వెచ్చించు చేతియం దుండవలెను.

విద్యార్థులారా, ముందొకనాఁడు మీలో నెవరైన నట్టి సంఘమునఁ గూర్చుండినచో, బిగ్గఱగాఁ బలుకువారి మెప్పును గోరకుఁడు. ఆ నాణెమును బట్టుకొను కూలివానిని దలంచుకొనుఁడు.