సూచిక అంటే పేర్ల పట్టికా?

వెతుకుపెట్టె ఉండగా సూచిక దేనికని కొందరు విజ్ఞులు సెలవిస్తున్నారు. ఈ మాట నేనొప్పను.

పైథాన్ డాక్యుమెంటేషన్‌నే చూడండి. 2008లో వెలువడిన 2.6 నాటినుంచి దాన్ని స్ఫింక్స్ అనే ఉపకరణంతో కూరుస్తున్నారు. ప్రమేయాల పేర్లను సూచికకు ఎక్కించే పని ఆ ఉపకరణమే చూసుకుంటుంది. సంతోషమే. కాని వాక్యాన్ని పదాలుగా విడగొట్టదలచిన విద్యార్థికి ‘స్ప్లిట్’ అన్న పేరే తెలియదు. అతడు తనకు తోచిన మాటతో వెతుకుతాడు. ఆ మాట పుటలో లేకపోతే పెట్టె నోరు విప్పదు. లోపం విద్యార్థిది కాదు.

అమరకోశం అర్థం నుంచి పదానికి నడిపిస్తుంది. 1885 నాటి శబ్దరత్నాకరం పదం నుంచి అర్థానికి. మంచి సూచిక ఈ రెండు పనులూ చేయాలి. ‘ఫలానాది చూడుము’ అని దారి చూపే వీలు స్ఫింక్స్‌లో ఉండనే ఉంది. అయితే పాఠకుడి నోట ఏ మాట వస్తుందో ఊహించవలసింది యంత్రం కాదు, మనిషి.

తరగతిలో తప్పుమాటతో అడిగిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టేవాడు ఉపాధ్యాయుడు కాడు. పేరు తెలిసినవాడికే తెరుచుకునే సూచికా అంతే. తెలుగులో సహాయపుటలు రాసే మీరైనా పాఠకుడి మాటకు అందులో చోటివ్వండి.