ఇంటికి వచ్చిన బడి

చదువు బడిలోనే పుడుతుందనీ, ఇల్లు తిండికీ నిద్రకూ మాత్రమే నెలవనీ భావించడం లోకానికి అలవాటైపోయింది. ఉదయం బిడ్డను బడికి పంపి, సాయంత్రం తిరిగి తెచ్చుకోవడంతో తమ బాధ్యత తీరిందని తలచే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. ఈ అలవాటును ఒక విపత్తు కదిలించింది. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా పాఠశాలలు మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక తరగతులు 2021 ఫిబ్రవరిలో గాని తిరిగి మొదలు కాలేదు. ఆ కాలంలో ప్రభుత్వం దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలను ప్రసారం చేయించింది. ఉపాధ్యాయులు వాట్సాప్‌లో అభ్యాసాలు పంపారు. పిల్లలు బడికి పోలేని వేళ బడే వారి ఇంటికి నడచివచ్చింది. ఆనాటి నష్టాలను గురించి లోకం చాలా చెప్పుకొన్నది. కలిగిన మేలును గురించి చెప్పుకొన్నది తక్కువ.

దూరం నుంచి పసిపిల్లలకు చదువు చెప్పడం కొత్త విషయం కాదు. ఆస్ట్రేలియాలో విసిరేసినట్లుండే పశుపోషకుల ఇళ్ల పిల్లల కోసం 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రేడియో పాఠశాల ప్రారంభమైంది. గురువు గొంతు ఆకాశమార్గాన వచ్చేది. పక్కన కూర్చుండి బిడ్డ చేత అక్షరాలు దిద్దించేది ఎక్కువగా తల్లి. మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు ప్రసారాలు సాగాయి. యంత్రం గురువు మాటను దూరాలకు చేర్చగలదు. ఆ మాటను బిడ్డ మనసులో నాటవలసింది మాత్రం పక్కనున్న మనిషి. దూరవిద్య చేసిన అసలు మేలు ఈ మనిషిని మేల్కొల్పడమే.

ఏలూరులో తివాచీలు నేసే కార్మికుడు గాని, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు మోసే కూలీ గాని తన బిడ్డ తరగతిలో ఏం నేర్చుకుంటున్నాడో కళ్లారా చూచే అవకాశం ఎప్పుడు కలుగుతుంది? బడి నడిచే వేళలే అతని పని వేళలు. పాఠం ఫోనులోకి వచ్చినప్పుడు ఈ అడ్డు కొంత తొలగింది. దాచుకొన్న పాఠాన్ని రాత్రి అన్నాలయ్యాక చూడవచ్చు. అర్థం కాకపోతే రెండోసారీ, మూడోసారీ వినవచ్చు. బిడ్డ ఏ అక్షరం దగ్గర తడబడుతున్నాడో, ఏ లెక్క దగ్గర ఆగిపోతున్నాడో ఇంటివారికి తెలుస్తుంది. మార్కుల జాబితా చెప్పలేని సంగతి ఇది. చదువురాని తల్లి సైతం 'ఈ రోజు ఏం చెప్పారు? నాకు చెప్పు' అని అడగగలదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బిడ్డ పాఠాన్ని మరొకసారి నేర్చుకొన్నట్లే.

కొల్లేటి ప్రాంతానికి ఈ విద్య మరొక విధంగా అవసరం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు నీటిని తెస్తాయి. ఆ నీరంతా ప్రధానంగా ఉప్పుటేరు ద్వారానే సముద్రానికి పోవాలి. వరద ఎక్కువైతే లంక గ్రామాల దారులు మునిగిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కొల్లేటి పల్లెలు ఈ కష్టాన్ని మళ్లీ అనుభవించాయి. దారి మునిగిన రోజు బయటి ఊరి నుంచి రావలసిన గురువు రాలేడు. అటువంటప్పుడు ఫోనులో చేరిన పది నిమిషాల పాఠమైనా చదువు తెగిపోకుండా కాపాడే సన్నని దారమవుతుంది. కరోనా నేర్పిన ఈ ఉపాయాన్ని కరోనాతోనే మరచిపోవడం వివేకం కాదు.

అయితే దూరవిద్యకు లోపాలు లేకపోలేదు. 'అసర్' సంస్థ 2020లో గ్రామీణ భారతంలో జరిపిన సర్వే ప్రకారం బడిపిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 61.8 శాతం మాత్రమే. 2018లో ఇవి 36.5 శాతం. పెరుగుదల గొప్పదే అయినా, మిగిలిన ఇళ్ల పిల్లల మాటేమిటి? ఉన్న ఒక్క ఫోనును తండ్రి పనికి తీసుకొనిపోతే ఆ పూట పాఠం లేనట్లే. మూడో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠం చదవగలవారు 2018లో 27.3 శాతం కాగా, 2022 నాటికి 20.5 శాతానికి తగ్గారు. తోటివారితో ఆట, మధ్యాహ్న భోజనం, గురువు చల్లని చూపు ఏ తెరా ఇవ్వలేదు. కాబట్టి ఇంటికి వచ్చిన చదువు బడికి తోడు కావాలే గాని, బడి స్థానాన్ని ఆక్రమించరాదు.

ఆ సర్వేయే మరొక ఆశాజనకమైన సత్యాన్ని కూడా వెల్లడించింది. నలుగురు పిల్లలలో దాదాపు ముగ్గురికి ఇంట్లో ఎవరో ఒకరు చదువులో సాయపడ్డారు. తల్లిదండ్రులిద్దరూ అయిదో తరగతికి మించి చదవని ఇళ్లలో సైతం సగానికి పైగా పిల్లలకు ఆ సాయం అందింది. అటువంటి ఇళ్లలో అన్నలు, అక్కలు ముందుకు వచ్చి చిన్నవారికి గురువులయ్యారు. ఎవరి ఆజ్ఞా లేకుండా, ఎటువంటి ప్రతిఫలమూ ఆశించకుండా జరిగిన విద్యాదానం ఇది.

బడులు తెరుచుకొన్నాయి. పిల్లలు తమ తరగతులకు తిరిగి వెళ్లారు. ఇంట్లో వెలిగిన ఆ చిన్న దీపం మాత్రం ఆరిపోకూడదు. పాఠశాలలు వారానికి ఒక పాఠాన్నయినా ఇంటికి పంపాలి. తల్లిదండ్రులు దానిని బిడ్డతో కలసి వినాలి. ఇంటర్మీడియట్ చదివే యువతీయువకుల బాధ్యత ఇంకా పెద్దది. అనేక కుటుంబాలలో అంతవరకు చదివిన మొదటి వ్యక్తులు వారే. ఇంట్లో ఫోను చేత పట్టేదీ తరచుగా వారే. ఆ ఫోనును రోజుకు అరగంట తమ్ముడికో, చెల్లెలికో, పొరుగింటి బిడ్డకో అక్షరం చూపడానికి వినియోగిస్తే ప్రతి ఇల్లూ బడికి బలమవుతుంది. చదువుకొన్నవారు చదువు రుణాన్ని తీర్చుకొనే దారి అదే.