సత్యశోధక యంత్రములు - నాందేడు కేసు

2006వ సంవత్సరము ఏప్రిలు 5, 6 తేదీల నడిమి రాత్రి నాందేడు పట్టణమున పాట్‌బంధారే నగరునందు, ప్రభుత్వోద్యోగమునుండి విశ్రాంతి గైకొన్న యొక ఇంజనీరుగారి యింట గొప్ప ప్రేలుడు సంభవించి యిరువురు మరణించిరి. బాణసంచా ప్రేలినదని మొదట చెప్పబడెను. పిదప మహారాష్ట్ర ఉగ్రవాద నిరోధక దళమువారును, వారి తరువాత సి.బి.ఐ. వారును దర్యాప్తు జరిపిరి. అచట బాంబు తయారగుచుండగా ప్రేలినదని అభియోగము. దర్యాప్తు సాగుచున్న దినములలో నిందితులలో కొందఱికి నార్కో పరీక్షలు జరిగినవనియు, ఆ మత్తులో వారు పర్భణి, జాల్నా, పూర్ణా పట్టణముల మసీదులవద్ద అంతకుముందు జరిగిన ప్రేలుళ్లను గూర్చి సైతము చెప్పిరనియు పత్రికలు విరివిగా వ్రాసినవి. పందొమ్మిదేండ్లు కావచ్చిన పిమ్మట, 2025 జనవరి 4వ తేదీన, నాందేడు సెషన్సు కోర్టు బ్రతికియున్న నిందితుల నందఱను నిర్దోషులని విడుదల చేసెను. ప్రేలినది బాంబే యను మూలసంగతినైనను ప్రాసిక్యూషనువారు నిరూపింపజాలకపోయిరని ప్రతివాదుల న్యాయవాది తీర్పు పిదప చెప్పెను.

నాందేడు మనకు పరాయి యూరు కాదు. 1956 వఱకు అది హైదరాబాదు రాష్ట్రమున నొక జిల్లా. ధర్మాబాదు, బిలోలి ప్రాంతములలో నేటికిని తెలుగు మాటలాడు కుటుంబములు పెక్కు గలవు. కావున అచటి సంగతి మనము పట్టించుకొనుట యసందర్భము కాదు. తీర్పు సరియైనదా కాదా యని విచారించుట మా యుద్దేశము కాదు. సాక్ష్యము చదివిన న్యాయాధిపతి కున్న యధికారము మాకు లేదు. మేము అడుగునది వేఱొకటి. మత్తులో పలికినవని యంతగా ప్రచారమైన యా మాటలు ఏమైనవి? అవి ప్రజలలో అభిప్రాయమును కల్పించినవి. కొందఱి కవి రుజువులుగా తోచినవి, కొందఱికి కుట్రగా తోచినవి. న్యాయస్థానములో మాత్రము శిక్ష విధించుట కక్కఱకు రాలేదు.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 8వ తేదీన మాలేగాఁవులో ప్రేలుళ్లు జరిగెను. అందు పట్టుబడినవారు ముస్లిములు. వారికిని ఈ పరీక్షలన్నియు జరిగినవి. 2011 నవంబరు వఱకు వారు చెఱసాలలో నుండిరి. 2016 ఏప్రిలులో ముంబయిలోని ప్రత్యేక న్యాయస్థానము వారిపై అభియోగములను త్రోసివేసెను. ఒకచోట హిందువులు, ఒకచోట ముస్లిములు. ఏ పక్షమునకు అభిమానులైన వారు ఆ పక్షపు కేసును మాత్రమే జ్ఞప్తియం దుంచుకొనుచున్నారు. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి, పరీక్ష జరిగినదన్న వార్తను బట్టి యే కేసునందును దోషిని తెలియజాలమని గోచరింపక మానదు. ఆ రెండు పట్టణములలో మరణించినవారిని గూర్చిన నిజము మాత్రము నేటికిని తేలలేదు.

ఈ యంత్రములు చేయు పనియేమి? పాలిగ్రాఫు రక్తపుపోటును, నాడిని, శ్వాసను, అఱచేతి చెమటను కొలుచును. అబద్ధమును కొలువదు. అబద్ధమాడువాడు భయపడునని, భయపడినవాని దేహము మాఱునని రెండు ఊహలమీద నిర్మింపబడిన పరికర మది. నిరపరాధియు పోలీసుల నడుమ కూర్చుండి భయపడును. ఆరితేరిన వంచకునకు గుండె చలింపదు. అమెరికా గూఢచారి శాఖలో నుండి రష్యావారికి రహస్యములు విక్రయించిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోను, 1991లోను ఈ పరీక్ష నెగ్గి బయటపడెను.

ఈ పద్ధతికి ఆద్యులలో నొకడైన మార్‌స్టను రక్తపుపోటు పరీక్షను 1923లోనే వాషింగ్టను న్యాయస్థానము సాక్ష్యముగా గ్రహింప నిరాకరించినది. (ఆ మార్‌స్టనే తరువాత బొమ్మల కథలలో వండర్ ఉమన్ అను వీరనారిని సృష్టించెను. ఆమె పాశమున చిక్కినవాడు నిజము చెప్పక తప్పదు. కథలో నది చక్కగనే పనిచేసినది.) 2003లో ఆ దేశపు జాతీయ పరిశోధక మండలివారు ఈ విషయమును సమగ్రముగా పరిశీలించిరి. ఒక నిర్దిష్ట సంఘటనను గూర్చి ప్రశ్నించునపుడు యంత్రము గ్రుడ్డి ఊహకంటె మేలే కాని నిర్దుష్టతకు చాల దూరమని వారి నిర్ణయము. వారు వేసిన లెక్క యొకటి మన యధికారులు గోడకు వ్రేలాడదీసికొన దగినది: పదివేలమంది యుద్యోగులలో పదిమంది గూఢచారులున్నారనుకొందము. పదుగురిలో ఎనమండుగురిని పట్టునట్లు పరీక్షను ఏర్పఱచినచో, వారితోపాటు 1,598 మంది నిరపరాధులును పట్టుబడుదురు. ఇది యంత్రమునకు పరిశోధనలు చూపినదానికంటె నెక్కువ నేర్పున్నదని యొప్పుకొని వేసిన లెక్క.

నార్కో సంగతి యింతకంటె హీనము. 1922లో టెక్సాసు వైద్యుడు రాబర్టు హౌస్ స్కోపలమీన్ అను మందునిచ్చి ఖైదీలను ప్రశ్నించెను. పిమ్మట పెంటొథాల్ వచ్చెను. మత్తులో నున్నవాని నోరు వదులగును, నిజమే. కాని వదులైన నోట నిజము మాత్రమే వచ్చునని యే వైద్యుడును చెప్పడు. కోరిక, భయము, విన్న మాట, ప్రశ్నించువాడు అందించిన మాట, అన్నియు కలిసి వచ్చును. మన నగరమందలి వైద్యులు ఒక సంగతి యోచింపవలెను. ఆ సూదిమందు నెక్కించునది పోలీసు కాదు, మీ వృత్తివాడే. మంచముపై నున్నవానికి రోగము లేదు. ఆ మందువలన వానికి మేలును లేదు.

ఇదంతయు క్రొత్త సమస్య యనుకొనుట పొరపాటు. నాందేడునకు దక్షిణముననున్న కల్యాణిలో సుమారు తొమ్మిదివందల యేండ్ల క్రిందట విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. ఒకచోట నిలువక కదలుట, పెదవుల మూలలు నాకికొనుట, నుదుట చెమట పట్టుట, మోము వెలవెలబోవుట, నోరెండి మాట తడబడుట దుష్టుని లక్షణములని స్మృతికారుడు చెప్పియున్నాడు. పాలిగ్రాఫు కొలుచునది యించుమించు ఇదియే. తీగెలు మాత్రము క్రొత్తవి. అచట విజ్ఞానేశ్వరుడు ఏమనుచున్నాడు? ఇవి దోషము కలదేమో యను సంభావనకే గాని నిశ్చయమునకు చాలవనియు, స్వభావసిద్ధమైన వికారమును, కారణాంతరమున కలిగిన వికారమును వేఱుపఱచి తెలిసికొనుట కష్టమనియు వివరించుచున్నాడు. అగ్ని, జలము మొదలగు దివ్యములను సైతము మానుష ప్రమాణములు లేనిచోటనే గ్రహింపవలెనని యా శాస్త్రము. సాక్షి, లిఖితము, భుక్తి ముందు, దివ్యము చివర. నేడు మనము ఆ క్రమమును తలక్రిందులు చేసితిమి.

2008 జూనులో పుణె కోర్టు మెదడులోని విద్యుత్తరంగములను కొలిచిన యొక పరీక్షను సాక్ష్యముగా గ్రహించి యావజ్జీవ శిక్ష విధించినది. ఆ పరీక్ష శాస్త్రసమ్మతము కాదని బెంగుళూరు నిమ్‌హాన్స్ అధిపతి యధ్యక్షతను ఏర్పడిన నిపుణుల సంఘము ఆ సంవత్సరమే తేల్చెను. తుదకు 2010 మే 5వ తేదీన సెల్వి కేసులో ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్, న్యాయమూర్తులు రవీంద్రన్, పంచాల్ గారలు, ఒకని సమ్మతిలేక ఈ పరీక్షలను జరుపుట రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. సమ్మతించినను ఫలితము సాక్ష్యము కానేరదు. దాని యాధారమున పిదప దొరికిన వస్తువో సమాచారమో మాత్రము గ్రాహ్యము కావచ్చును. సమ్మతిని మేజిస్ట్రేటు నెదుట వ్రాయింపవలెను. న్యాయవాది యందుబాటులో నుండవలెను.

ఆ చిన్న ద్వారముననే నేటికిని రాకపోకలు సాగుచున్నవి. దర్యాప్తునకు దారి చూపుటకైనను ఈ పరీక్ష లుండవలదా యని పోలీసు అధికారులు ప్రశ్నింతురు. ఈ వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. కొట్టి చెప్పించుటకంటె ఇది మేలు కాదా యని కూడ వారందురు. కాని లాకప్పులో నున్నవాని సమ్మతి యెట్టిదో న్యాయవాదులకు మేము చెప్పనక్కఱలేదు. నిరాకరించిన వానిని దోషిగా చూచు లోకములో, తన నిర్దోషిత్వమును చాటుకొనుటకై తానే పరీక్షను కోరువారును కలరు. అట్టివారికిని పరీక్ష పొందుట తిరుగులేని హక్కు కాదని 2025 జూనులో అమలేష్ కుమార్ కేసున సుప్రీంకోర్టు స్పష్టపఱచినది.

ఇంతకంటె పెద్ద నష్టము వేఱొకటి కలదు. ప్రేలుడు జరిగిన గదిలోని మసిని, లోహపు తునకలను ఆ యుదయమే సీలువేసి ప్రయోగశాల కంపుట, పంచనామా సాక్షులు పదేండ్ల తరువాతను నిలువగలవారేనా యని చూచుట, ఇవి పేరుతెచ్చు పనులు కావు. మత్తుసూది వార్త పతాక శీర్షిక యగును. మన రామంతాపూరులో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల కలదు. అట్టి సంస్థలకు రసాయనజ్ఞులను, పరికరములను సమకూర్చుటకు వెచ్చింపవలసిన ధనమును, కాలమును ఈ పరీక్షలకు వెచ్చించుట మాకు సమ్మతము కాదు. పరీక్షలో నిందితుడు పలికిన మాటలను విచారణ ముగియువఱకు బయట పెట్టరాదని హోంశాఖవారు ఉత్తరువు చేయవలెను. అట్టి మాటలు చేతికందినను ప్రచురింపకుండుట పత్రికలమైన మా వంతు.